తారీఖు లేని గుడ్డు

పోయిన శనివారం ఉప్పల్‌లో కొత్తగా తెరిచిన సూపర్‌మార్కెట్‌లో ఆరు గుడ్ల డబ్బా ఒకటి తీసి చూస్తే, ప్రతి గుడ్డు మీదా తారీఖు ముద్ర కొట్టి ఉంది. నాకు నవ్వాగలేదు. బండి తోసుకుంటూ వస్తున్న మా ఆయన, "ఏందే, గుడ్లను సూసి నవ్వుతున్నవ్?" అన్నాడు. డబ్బా ఆయన ముందు పెట్టాను. చూసి ఆయనా నవ్వాడు. "పెద్దనాయన సూస్తె ఏమనేటోడు?" అన్నాడు. ఏమనేవాడో నాకు బాగా తెలుసు. "ఏ కోడి పెట్టిందో రాయలే. రిజెక్ట్!" అనేవాడు.

పెద్దనాయన పోయి రెండు నెలలైంది. ఆయన మా నాన్నకు అన్న కాదు, మాకు చుట్టమూ కాదు. నాచారంలో మేం కింది వాటాలో ఐదేళ్ళు అద్దెకున్న ఇంటి ఓనరు. ఇల్లు చూడటానికి వెళ్ళిన రోజు నేను "అంకుల్" అని పిలిస్తే ముఖం చిట్లించాడు. "అంకుల్ అంటె ఎవలో ఏందో. పెద్దనాయన అను బిడ్డా" అని తేల్చేశాడు. ఆ తర్వాత కిరాయి మాటైనా ఎత్తకుండా, "ఇంట్ల నైట్ డ్యూటీలు ఉన్నయా?" అని అడిగాడు. మా ఆయనకు చర్లపల్లిలో పని, వారం విడిచి వారం నైట్ షిఫ్టు. అది చెబితే ఇల్లు ఇవ్వరేమోనని ఇద్దరం నసిగాం.

"గట్లయితె ఫికర్ జెయ్యకున్రి. డాబా మీద నాలుగు కోడి పెట్టలున్నయి, పుంజు లేదు" అన్నాడు.

ప్రశ్నకూ జవాబుకూ పొంతన కుదరక బిక్కమొహాలు వేసుకుని చూశాం. అప్పుడు విప్పి చెప్పాడు. "ఈ గల్లీల సగం మంది పొద్దుగాల వచ్చి పండుకునేటోళ్ళే. సరిగ్గ గప్పుడే పుంజు కూస్తె ఆళ్ళ నిద్ర ఖరాబ్. నిద్ర లేనోడు పోయి మిషన్ల చెయ్యి పెడ్తడు. అందుకే పుంజును పెట్టలే."

"మరి పుంజు లేకుంటె గుడ్లెట్ల పెడ్తయి?" అన్నాను నేను. ఆయన నా వైపు కాసేపు జాలిగా చూశాడు. "పిల్లలు గావు గని, గుడ్లకేం అడ్డం? ఏం సదివినవ్ బిడ్డా?" అన్నాడు. బీఎస్సీ అని చెప్పడానికి సిగ్గేసింది.

నాచారంలోనే ఏదో కంపెనీలో ముప్పై ఏళ్ళు క్వాలిటీ సెక్షన్‌లో చేశాడాయన. తయారై వచ్చిన ముక్కల్ని కొలవడం, కొలత సరిపోతే పాస్, వెంట్రుకవాసి తేడా ఉంటే రిజెక్ట్, అదీ పని. రిటైరయ్యాక కంపెనీ ఆయన్ని వదిలేసింది గానీ ఆయన పనిని వదల్లేదు. చొక్కా జేబులో ఒక పెన్సిలు, తోలు సంచిలో పెట్టుకున్న, ముక్కలు కొలిచే వెర్నియర్ కాలిపరు ఎప్పుడూ ఉండేవి. పెళ్ళికెళ్ళినా ఉండేవి. నేను వాకిట్లో ముగ్గు వేసి లేస్తే వెనక నిలబడి, "ఎడమ దిక్కు గీత జర పొడుగైంది" అనేవాడు. పెద్దమ్మ, అంటే ఆయన భార్య, వేసిన చపాతీని వెలుగుకు ఎత్తిపట్టి చూసి కంచంలో పెట్టుకునేవాడు. "కొలిసినవా? ఇగ తింటవా, కంపెనీకి వాపస్ పంపుతవా?" అని ఆమె రోజూ అడిగేది. రోజూ తినేవాడు.

ఇక కోళ్ళు. నల్లది, ఎర్రది, చుక్కలది, మెడ మీద ఈకల్లేని బోడమెడది. పాత కూలర్ డబ్బాకు జాలీ కొట్టి గూడు చేశాడు. పొద్దున్నే నూకలు చల్లి, ఒక్కోదాన్ని ఎత్తి చూసి, వాటికి డ్యూటీలు చెప్పేవాడు. బోడమెడది రెండు రోజులు గుడ్డు పెట్టకపోతే, "ఆబ్సెంట్! మెమో ఇయ్యాల్నా?" అని గద్దించడం కింద మా వంటింట్లోకి వినబడేది. గుడ్డు దొరికిందంటే మాత్రం పరీక్ష మొదలు. పేపరు గొట్టంలా చుట్టి దాని చివర గుడ్డు పెట్టి ఎండకు చూడాలి. చెవి దగ్గర ఊపాలి. మగ్గులో నీళ్ళల్లో వేస్తే అడుగుకు పోయి పడుకోవాలి. అన్నీ అయ్యాక తుడిచి, పెన్సిల్‌తో తారీఖు, పక్కన కోడి పొడి అక్షరం రాసేవాడు. నల్లదైతే "న", బోడమెడదైతే "బో". రాశాక "పాస్" అని పైకి అనేవాడు. ఆ మాట వినడానికి అక్కడ పెద్దమ్మ కూడా ఉండేది కాదు.

ఆ గుడ్లు అమ్మేవాడు కాదు. ఎవరైనా కొంటామంటే కోపం. "నేనేమన్న దుకాణం పెట్టిన్నా?" అని మెట్లెక్కిపోయేవాడు. ఎవరికి ఇవ్వాలో ఆయనే తేల్చుకునేవాడు. గల్లీలో ఎవరైనా జ్వరం నుంచి లేచారా, ఎవరైనా దవాఖానా నుంచి ఇంటికొచ్చారా, వాళ్ళ గుమ్మంలో ప్రత్యక్షం. ఇచ్చి పోయే రకం కూడా కాదు. ఉడికించి, ఒలిచి, తినేదాకా నిలబడి చూసేవాడు. ఆయన ముందు నిలబడి ఉంటే గుడ్డు గొంతు దిగడం ఎంత కష్టమో తిన్నవాళ్ళందరికీ తెలుసు.

మూడో ఏడు ఆ వంతు నాకొచ్చింది.

అంతకు ముందు ఏడాది నాకు ఐదో నెలలో కడుపు పోయింది. ఆ సంగతి గురించి ఎక్కువ రాయలేను. మళ్ళీ నిలిచినప్పుడు వాంతులు పట్టుకున్నాయి. అందరికీ మూడో నెలలో ఆగేవి నాకు ఆరో నెల వచ్చినా ఆగలేదు. అన్నం నిలవదు, జావ నిలవదు, చివరికి నీళ్ళు కూడా నిలవవు. డాక్టరమ్మ బరువు చూసి పెన్ను కింద పెట్టేసింది. "బిడ్డ ఎదుగుతలేదమ్మా. ఏదో ఒకటి కడుపుల నిలవాలె" అంది. ఏదో ఒకటి అంటే ఏది? ఇంటికొచ్చి బాత్రూం గోడకు తల ఆనించి ఏడ్చాను. ఈసారి కూడా పోతే నేను బతకలేననిపించింది.

మా ఆయన దుకాణం నుంచి గుడ్లు తెచ్చి ఉడికించి పెట్టాడు. తిన్న ఐదు నిమిషాలకు అంతా బయటికొచ్చింది. ఆ చప్పుడు పైకి వినబడిందేమో, పెద్దనాయన దిగొచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఏం తిన్నది?"

"గుడ్డు, పెద్దనాయనా."

"ఏం గుడ్డు? ఫారం గుడ్డా? గదెట్ల నిలుస్తది?" అని మా ఆయన్ని పిల్లాడిని తిట్టినట్టు తిట్టి పైకెళ్ళాడు. వచ్చేటప్పుడు లుంగీ మడతలో గుడ్డు. ఇంకా వెచ్చగా ఉంది. మీద "7 న" అని రాసి ఉంది. "నల్లది ఇప్పుడే పెట్టింది. తిను. నిలుస్తది" అన్నాడు. ఆయన రిజెక్ట్ అన్నంత గట్టిగా అన్నాడు ఆ మాట. తిన్నాను. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. నిలిచింది.

ఇక చూడండి. రోజూ ఏడింటికి తలుపు మీద రెండు దెబ్బలు. చేతిలో గుడ్డు. దాని వెనకాలే కాస్త అన్నం, కాస్త పప్పు కూడా నిలవడం మొదలైంది. పదిహేను రోజులకు డాక్టరమ్మ తూకం చూసి "ఆ, ఇట్లుండాలె" అంది. ఆ గుడ్డు తప్ప ఇంకేదీ నన్ను కాపాడదని నాకు మూఢనమ్మకం పట్టుకుంది. పెద్దనాయనకు అంతకన్నా పెద్ద నమ్మకం. గల్లీ అంతా తిరిగి, "ఫారం గుడ్డుకూ నా గుడ్డుకూ తేడా సూసిన్రా?" అని చాటింపు వేశాడు.

దసరా దాటింది, కార్తీకం వచ్చింది. ఒకరోజు వచ్చిన గుడ్డు మీద తారీఖు లేదు. నాకేం తెలుసు, ఊరికే అడిగాను. "పెద్దనాయనా, ఇయ్యాల తారీఖు రాయలేదేంది?"

ఆయన గుడ్డును నా చేతిలోంచి తీసుకుని తానే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "పెన్సిల్ అరిగిపోయింది బిడ్డా" అన్నాడు. మర్నాడూ లేదు. మూడో రోజూ లేదు. మా ఆయన మంచి మనసు చూడండి, ఆ సాయంత్రం పది పెన్సిళ్ళ డబ్బా, దాంతోపాటు షార్ప్‌నర్ ఒకటి కొని తీసుకెళ్ళి పెద్దనాయన చేతిలో పెట్టాడు. ఆయన ముఖం జ్వరమొచ్చినట్టు అయిపోయిందట. "గిన్ని ఎందుకురా?" అని మాత్రం అన్నాడట. అయినా తారీఖు రాలేదు.

పది పన్నెండు రోజులయ్యాక మా ఆయన డ్యూటీ నుంచి వస్తూ నవ్వుకుంటూ వచ్చాడు. "మీ పెద్దనాయనకు పిచ్చి ముదిరింది. ఉప్పల్ల గుడ్ల దుకాణం కాడ వెర్నియర్ తీసి ఒక్కొక్క గుడ్డును కొలుస్తున్నడు. దుకాణపోడు నెత్తి పట్టుకున్నడు" అన్నాడు.

నేను నవ్వలేదు. నాటుకోడి గుడ్డు చిన్నగా ఉంటుంది. ఫారం గుడ్లలో అంత చిన్నవి ఏరుకోవాలంటే కొలవాలి. తారీఖు లేని గుడ్లు గుర్తొచ్చాయి. ఏడో నెల పొట్టతో, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి డాబా మీదికి వెళ్ళాను.

తలుపు వారగా తీసి ఉంది. ఆయన నా వైపు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. ముందు పాత పేపరు, గిన్నెలో నల్లటి చాయ్ డికాషను, అందులో మూడు తెల్ల గుడ్లు. గడ్డం గీసుకునే బ్రష్షుతో ఒకదానికి డికాషను పూస్తున్నాడు. పూసి, ఎండకు పట్టి చూసి, తల అడ్డంగా ఊపి, మళ్ళీ పూస్తున్నాడు. అందులో కూడా రంగు సమంగా రావాలి మరి! చుట్టూ డాబా నిండా ఈకలు. నాలుగు కోళ్ళూ ఈకలు రాల్చుకుని, చలికి ముడుచుకుని, చూడబుద్ధి కాకుండా ఉన్నాయి. ఈకలు రాల్చే కాలంలో కోళ్ళు గుడ్లు పెట్టవని నాకు అప్పటికి తెలియదు.

"సిగ్గుందా మీకు?" అంటున్నాడాయన వాటితో. "అన్ని దినాలు పెట్టి, ఇప్పుడే హర్తాళ్ జేస్తరా? ఆ పిల్ల కడుపుల బిడ్డ ఉన్నదని ఎరుక లేదా? ముప్పై ఏండ్లు ఒక్క దొంగ పీసు పాస్ జెయ్యలే నేను. మీ వల్ల ఈ వయసుల దొంగనైన."

నాకు ముందు కోపమే వచ్చింది. ఇన్ని రోజులూ నేను తిన్నది ఫారం గుడ్డా? ఆ ఆలోచనతోనే డోకు వస్తుందని అక్కడే గోడ పట్టుకుని నిలబడ్డాను. ఎదురుచూశాను. రాలేదు. పన్నెండు రోజులుగా రాలేదు కదా, ఇప్పుడెందుకొస్తుంది? అప్పుడు ఇంకోటి తట్టింది. ఆయన రంగు పూశాడు, అబద్ధం ఆడాడు, గానీ పెన్సిల్ పట్టుకుని ఆ గుడ్డు మీద తారీఖు మాత్రం వేయలేకపోయాడు. ఆ చెయ్యి ఒప్పుకోలేదు. వచ్చినదాన్ని వచ్చినట్టే దిగిపోయాను. మా ఆయనతో, "పెన్సిళ్ళ మాట గని, వెర్నియర్ మాట గని ఆయన ముంగట ఎత్తినవంటె నేను ఊకోను" అన్నాను.

మర్నాడు ఏడింటికి తలుపు మీద దెబ్బలు. ఆయన ఏదన్నా అనేలోపే, నాకేమీ తెలియనట్టు, ముఖం నిండా నవ్వు పులుముకుని, "పెద్దనాయనా, ఇయ్యాల ఏ కోడి పెట్టింది?" అన్నాను. ఆయన ఒక నిమిషం నన్నే చూశాడు. "ఎర్రది" అన్నాడు. "ఆగు బిడ్డా, ఇప్పుడే తెస్త" అని వెళ్ళి, కాసేపటికి గుడ్డుతో వచ్చాడు. ఎర్రగా, తడి తడిగా ఉంది. తిన్నాను. ఆయన నిలబడి చూశాడు.

అలా దాదాపు రెండు నెలలు. రోజుకో గుడ్డు, రోజుకో కోడి పేరు. పాపం పెద్దమ్మ, కార్తీకంలో నీసు ముట్టని మనిషి, ఇంట్లో చాయ్‌పత్త ఎందుకు ఇట్లా అయిపోతోందో తెలియక, ముసలాయనకు చాయ్ అలవాటు ముదిరిందని వాళ్ళ చెల్లెలితో ఫోన్లో మొరపెట్టుకునేది. నేను కింద విని నవ్వుకునేదాన్ని. నిజం చెప్పొద్దూ, కొంచెం గొప్పగా కూడా ఉండేది. ఒక పెద్దమనిషి పరువు నేను కాపాడుతున్నాను కదా అని.

తొమ్మిదో నెలలో ఒక పొద్దున తలుపు విరిగిపోయేలా కొట్టాడు. "తారీఖు సూడు బిడ్డా!" అన్నాడు. గుడ్డు మీద పెన్సిల్‌తో లావుగా రాసి ఉంది. "14 బో". బోడమెడది డ్యూటీకి ఎక్కింది. ఆ రోజు ఆయన గల్లీ చివరిదాకా చేతులు ఊపుకుంటూ నడిచిన నడక నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

పాప పుట్టింది. దవాఖానా వరండాలో పెద్దనాయన మా ఆయన్ని మొదట అడిగింది ఆడా మగా అని కాదు. "తూకం ఎంత?" అని. రెండు కిలోల ఏడువందలు అని చెబితే, గోడ వైపు తిరిగి నిలబడి చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడట. ఆ తర్వాత రెండేళ్ళకు మేం నాగారంలో సొంతిల్లు చూసుకుని వెళ్ళిపోయాం. పండక్కో పబ్బానికో పోయి చూసి వచ్చేవాళ్ళం. చివరిసారి చూసినప్పుడు పాప పళ్ళు చూపించమని అడిగి, వంకర ఉన్నదాన్ని వేలితో చూపించాడు.

సూపర్‌మార్కెట్‌లో ఆ గుడ్ల డబ్బా చూసిన మర్నాడు, ఆదివారం, నేనొక్కదాన్నే నాచారం వెళ్ళాను. పెద్దనాయన పోయిన రోజు జనంలో పెద్దమ్మతో నాలుగు మాటలు మాట్లాడటం కుదరలేదు. ఆమె డాబా మీద ఉంది, కోళ్ళకు నూకలు వేస్తోంది. పక్కన కూర్చున్నాను. ఆయన ముచ్చట్లు చెప్పుకుని ఇద్దరం నవ్వుకున్నాం. ఇంక దాచి ఏం లాభమనిపించి చెప్పేశాను.

"పెద్దమ్మా, నేను కడుపుతోటి ఉన్నప్పుడు పెద్దనాయన గుడ్లకు రంగేసిండు. నాకు గప్పుడే ఎరుక. ఆయన చిన్నబోతడని ఊకున్న."

పెద్దమ్మ నూకలు చల్లడం ఆపలేదు. "నీకు ఎరుకని ఆయనకూ ఎరుకే" అంది.

"ఎట్ల?"

"ఏడో నెల మనిషివి. మెట్లెక్కుతుంటె నీ ఆయాసం ఆ మూలదాక ఇనొచ్చిందంట. ఎనకకు తిరిగి సూసే మొకం లేక, నీకు ఇనపడాల్ననే కోళ్ళను జర గట్టిగ తిట్టిండంట."

"మరి నాకెందుకు జెప్పలే?"

"జెప్దమనే వచ్చిండు బిడ్డా. తెల్లారి రంగు వెయ్యకుంట, తెల్ల గుడ్డే చేతుల పట్టుకొని దిగిండు. 'ఇది ఫారం గుడ్డే, అయినా నీకు నిలుస్తున్నది, ఇగ నీకేం భయం లేదు' అని జెప్దమనుకున్నడంట. మెట్లు దిగుకుంట గదే మాట సదువుకున్నడంట. నువ్వు తలుపు తీసుడు తోనే ఏ కోడి పెట్టింది అని అడిగితివంట." పెద్దమ్మ చేతులు దులుపుకుంది. "మల్ల పైకొచ్చి నా ముంగట కూసున్నడు. చాయ్‌పత్త కథ గప్పుడే నాకు ఎరుకయింది, ఆ తర్వాత మా చెల్లెతోటి ఫోన్ల మొత్తుకున్నదంత నీకు ఇనపడాల్ననే. 'ఆ పిల్ల నా ఇజ్జత్ కాపాడుతున్నది. ఇప్పుడు నేను నిజం జెప్తె ఆమె మొకం చిన్నగైతది' అని, చాయ్ మరగపెట్టుమన్నడు."

అవును. ఆ రోజు ఆయన ఒక చెయ్యి వీపు వెనక పెట్టుకుని నిలబడ్డాడు. నడుం పట్టేసిందేమో అనుకున్నాను.

"తర్వాతనన్న జెప్పచ్చు గద, పెద్దమ్మా?"

"పాప పుట్టినంక జెప్త అన్నడు. పేరు పెట్టినంక జెప్త అన్నడు. మీరు ఇల్లు ఖాళీ జేసిననాడు గేటు దాక వచ్చిండు జెప్పనీకె. నువ్వు కాళ్ళ మీద పడి, 'నీ కోళ్ళే నా బిడ్డను బతికిచ్చినయి పెద్దనాయనా' అని ఏడిస్తివి. ఇగ ఏం జెప్తడు?"

నవ్వబోయాను, ఏడుపొచ్చింది. ఆయన పరువు కాపాడానని ఇన్నేళ్ళూ మురిసిపోయాను. ముప్పై ఏళ్ళు ఒక్క తప్పు ముక్కను గేటు దాటనివ్వని మనిషి, ఉన్న ఒక్క తప్పునూ ఒప్పుకుందామని నా గుమ్మంలో నిలబడితే, నోరు తెరవనివ్వకుండా తిప్పి పంపింది నేను. అదీ ఒకసారి కాదు.

పెద్దమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. కోళ్ళు నా చెప్పుల చుట్టూ నూకలు ఏరుకుంటున్నాయి. కళ్ళు తుడుచుకుని, ఆయన కూర్చునే మూల వైపు తిరిగి, ఆయనకు వినబడేంత గట్టిగానే అన్నాను.

"అవి ఫారం గుడ్లే పెద్దనాయనా. అన్ని నిలిచినయి."